ఆమె పేరు మీద

గంగాకిషన్ చేను నుంచి ఇంటికి వచ్చేసరికి ఎవరో మనిషి వసారాలో కూర్చుని అన్నం తింటున్నాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, పక్కన నల్ల సంచి. కంచంలో పప్పు, పచ్చిపులుసు, అప్పటికప్పుడు వేసిన గుడ్డు అట్టు.

"ఎవలొచ్చిండ్రో చూడు!" అంది రోజారాణి, లోపలి నుంచి ఇంకో గుడ్డు తెస్తూ. "నీ దుబాయ్ రూమ్మేట్. గజేందరన్న. ఇందల్వాయి ఆయనది."

దుబాయ్‌లో గంగాకిషన్ గదిలో ఎనిమిది మంది ఉండేవాళ్లు. ఒక్కొక్కరి గురక కూడా అతనికి గుర్తే. ఈ ముఖం వాళ్లలో లేదు.

అతనికి వెంటనే అర్థమైంది. ఈ మనిషి కోసమే తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఎన్నో రకాలుగా ఊహించుకున్నాడు. ఇద్దరొస్తారనుకున్నాడు, జీపులో వస్తారనుకున్నాడు, వీధంతా వినేలా అరుస్తారనుకున్నాడు. కూర్చుని గుడ్డు తింటాడని మాత్రం అనుకోలేదు.

"గేటు కాడ నిలవడి, గంగాకిషన్ ఇల్లు గిదేనా, దుబాయ్‌ల చేసిండు గదా అన్నడు. అంతే, నాకు సమజైంది" అంది రోజారాణి. "ఏదో చెప్పబోయిండు. ముందుగాల కాళ్లు కడుక్కో, తిన్నంక చెప్పు అన్న."

ఆమె తప్పేమీ లేదు. ఆ ప్రశ్నతో ఈ వీధికి వచ్చేవాళ్లంతా దుబాయ్ గదుల్లో పక్క మంచం మీద పడుకున్నవాళ్లే. పెళ్లి పత్రిక ఇవ్వడానికో, ఎవరో పోయారని చెప్పడానికో వస్తారు. వచ్చిన మనిషికి అన్నం పెడతారు. ఇంకో రకం మనిషి ఉంటాడని ఆమెకు తెలిసే వీలు లేదు. ఆ వీలు లేకుండా చేసింది గంగాకిషనే.

"కూసో అన్నా" అన్నాడు గజేందర్, ఇల్లు తనదైనట్టు. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కళ్లలో మాత్రం క్షమించమన్నట్టు ఏదో ఉంది.

రోజారాణి బీడీల చాట పక్కకు జరిపి కూర్చుంది. దుబాయ్ గురించి భర్త ఎప్పుడూ నాలుగు ముక్కలకు మించి చెప్పడు. ఇప్పుడు చెప్పే మనిషి దొరికాడు.

"అన్నా, ఒక్క మాటడుగుత. నిజం చెప్పాలె." మెడలోని గొలుసును వేలితో పైకెత్తింది. "గీ మూడు తులాలది ఓవర్‌టైం పైసలతోని కొన్న అంటడు గీయన. నిజమేనా?"

గజేందర్ గంగాకిషన్ వైపు చూడలేదు. ముద్ద మింగి, నీళ్లు తాగాడు.

"నిజమే అక్కా. మస్తు చేసిండు. కండ్లు గుంతలు పడ్డై. మేమే తిట్టినం, గింత అవసరమా అని."

"ఏమన్నడు?"

"నవ్విండు."

ఆమె గొలుసు మెల్లగా వదిలేసింది. భర్త వైపు తిరిగి చూసిన చూపులో కొత్త మెత్తదనం ఉంది. గంగాకిషన్ ఆ చూపు తప్పించుకోవడానికి చెప్పుకు అంటిన మట్టి దులుపుకున్నాడు. ఆ క్షణం దాకా అబద్ధం అతనొక్కడిదే. ఇప్పుడు దానికో సాక్షి కుదిరాడు. సాక్షి ఉన్న అబద్ధం మరింత బరువుగా ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

గేటు బయట, బండి దగ్గర గజేందర్ గొంతు తగ్గించాడు.

"నేనెవలో నీకు సమజైందనుకుంట."

"ఐంది."

"తిన్నంక ఏం మాట్లాడుత చెప్పు. గీ పనిల ఎన్నో ఇండ్లు తిరిగిన. కుక్కల ఉసిగొల్పిండ్రు. ఇంట్ల లేడన్నరు. ఒకకాడైతె సచ్చిపోయిండన్నరు, సచ్చినోడు లోపలర్రల దగ్గుతున్నడు. అన్నం ఎవలు పెట్టలే." సంచిలో చెయ్యి పెట్టి, ఏ కాయితమూ తీయకుండానే మళ్లీ తీశాడు. "కార్డు బాకీ, వడ్డీలు గిట్ల కలిపి దుబాయ్ బ్యాంకోళ్లు పది లక్షల దాక చూపిస్తున్నరు. అది రాదని ఆళ్లకూ తెలుసు. రెండున్నర కడితె ఖతం. ముందుగాల లెటరిస్తరు, చూసుకొని కట్టు. నా చేతికి ఒక్క రూపాయియ్యకు, బ్యాంక్‌లనే పడాలె."

"కట్టకపోతె?"

"నేను పోత, ఇంకోడొస్తడు. ఆనికి అన్నం దొరుకుతదో లేదో గని, అక్కకైతె అసలు సంగతి దొరుకుతది."

"నా పేరు మీద ఖాతా గూడ లేదు" అన్నాడు గంగాకిషన్. "అన్ని ఆమె పేరు మీదనే."

గజేందర్ అతన్ని కాసేపు చూశాడు. ఇంటినీ, బండినీ, గోడ మీద ఆరేసిన చీరనూ చూశాడు. "హుషారోడివే" అన్నాడు. అందులో మెచ్చుకోలు లేదు.

అతను వెళ్లాక కూడా గంగాకిషన్ గేటు దగ్గరే నిలబడ్డాడు.

దుబాయ్‌లో అతను ఒక కట్టడాల కంపెనీలో స్టోర్ చూసుకునేవాడు. ఒక శుక్రవారం క్యాంపు ముందు బ్యాంకువాళ్లు బల్ల వేసుకుని కూర్చున్నారు. సంతకం పెట్టినవాళ్లందరికీ కార్డూ, ఒక చేతి సంచీ ఇచ్చారు. అందరూ సంచి కోసమే పెట్టారు. కార్డు చాలాకాలం పెట్టె అడుగునే ఉంది. ఒకసారి ఫోన్‌లో రోజారాణి, చుట్టాల పెళ్లిలో తన మెడ ఒక్కటే బోసిగా ఉందని నవ్వుతూ చెప్పింది. నవ్వుతూ చెప్పడమే అతనికి గుచ్చుకుంది. మరునాడు బంగారం దుకాణంలో ఆ కార్డు తీశాడు. నెలనెలా కట్టాడు కూడా, జీతం వచ్చినన్నాళ్లు. తర్వాత కంపెనీ మునిగింది. బియ్యం కార్డు మీదే, టికెట్ కార్డు మీదే. విమానం ఎక్కాక ఆ సిమ్ తీసి సీటు జేబులో పడేశాడు.

ఇంటికొచ్చిన మరుసటి ఏడు తండ్రి పోయాడు. అన్నదమ్ముల వాటాలో ఆలూర్ తోవలో రెండెకరాలు వచ్చాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎవరి పేరని అడిగితే, వెంటనే రోజారాణి అన్నాడు. ఆమె అక్కడే, అందరి ముందూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత బండి ఆమె పేరు మీద, ఫోన్ ఆమె పేరు మీద, పసుపు అమ్మిన డబ్బు ఆమె ఖాతాలోకి. బీడీల కార్ఖానాలో ఆడవాళ్లు ఆమెను ఏడిపించేవాళ్లు. పక్కింటి భాగ్యవ్వ అయితే ముఖం మీదే అనేది. "గీ రోజ మొగడు ఎసుంటోడంటె, నిద్రల లేపి పేరడిగినా పెండ్లాం పేరే చెప్తడు."

అతను కాదనలేదు. అబద్ధం చెప్పాల్సిన పని కూడా పడలేదు, ఊరుకుంటే సరిపోయింది.

భయం మొదట్లో ఫోన్ మోగినప్పుడు వచ్చేది. తర్వాత ఫోన్ మోగనప్పుడు కూడా వచ్చేది. ఆ తర్వాత దాన్ని భయమని గుర్తుపట్టడం మానేశాడు. జాగ్రత్త అనుకున్నాడు. కొన్నాళ్లకు, తనకు ఆస్తి మీద ఆశ లేదనుకున్నాడు. జనం దాన్ని ప్రేమ అన్నారు. అంత మంచి పేరు ఎవరో పెట్టాక పాత పేరు గుర్తుచేయడం ఎవరికి కావాలి?

సాయంత్రం ఇద్దరూ కల్లానికి వెళ్లారు. ఉడికించిన పసుపు కొమ్ములు ఎండుతున్నాయి. మంచు పడకుండా కుప్ప చేసి తాడిపత్రి కప్పాలి. రోజారాణి కర్రతో కొమ్ములను కుప్పలోకి లాగుతూ మాట్లాడుతూనే ఉంది.

"ఎంత మంచోడు గజేందరన్న. ఆళ్లింటికి రెండు కిలోల పసుపు పంపాలె, మంచి కొమ్ము ఏరి. నువ్వైతె ఒక్కనాడు చెప్పకపోతివి, కండ్లు గుంతలు పడేదాక చేసినవని." ఆగింది. "నేను గా దినం పెండ్లి ముచ్చట చెప్పకపోతె బాగుండు. నాకోసం గంత కష్టపడ్డవ్."

తిట్టి ఉంటే భరించేవాడు. అనుమానించినా భరించేవాడు. తను చేయని కష్టానికి ఆమె నొచ్చుకోవడం మాత్రం గంగాకిషన్ భరించలేకపోయాడు. తాడిపత్రి కొస పట్టుకుని ఉన్నవాడు దాన్ని కింద పెట్టేశాడు.

"ఆయన రూమ్మేట్ కాదు" అన్నాడు.

ఒకసారి మొదలయ్యాక ఎక్కువ సేపు పట్టలేదు. కార్డు, గొలుసు, టికెట్, సిమ్. తొమ్మిదేళ్లు మోసిన దాన్ని చెప్పడానికి ఒక కుప్ప కప్పేంత సేపు కూడా పట్టలేదు. అదే అతనికి సిగ్గనిపించింది.

రోజారాణి కర్ర ఆపి విన్నది. చేతులకు పసుపు. గొలుసును ముట్టుకోబోయి, చెయ్యి చూసుకుని ఆగింది.

"మరి భూమి?"

అతను అర్థం కానట్టు చూశాడు, కానీ అర్థమైంది.

"భూమి నా పేరు మీద చేసింది గూడ గందుకేనా? బ్యాంకోళ్లు గుంజుకపోతరని?"

"గదే... భయమైంది."

"నేను ఏడ్సిన గాడ. అందరు చూడంగ." గొంతు పెరగలేదు. "భయానికి చేసినవా, నాకు చేసినవా? ఒక్కటి చెప్పు."

అతను నిజంగా వెతికాడు. ఆ ఆఫీసూ, ఆ బల్లా గుర్తొచ్చాయి. ఎవరి పేరని అడిగిన గొంతు గుర్తొచ్చింది. అంత తొందరగా ఆమె పేరు ఎందుకు వచ్చిందో మాత్రం గుర్తు రాలేదు. ముందే అనుకుని వెళ్లాడు, అది నిజం. చెప్పాక ఆమె ముఖం చూసి సంతోషపడ్డాడు, అదీ నిజం. ఆ సంతోషం దొంగదా, దొరదా? ఇన్నేళ్ల తర్వాత విడదీయబోతే రెండూ కలిసి ఉడికిపోయి ఉన్నాయి.

"తెల్వది" అన్నాడు.

నీకోసమే చేశానని చెప్పి ఉంటే ఆమె నమ్మేదేమో. ఆమె తాడిపత్రి కొస అందుకుని కుప్ప మీదికి లాగింది. ఇంటికి వచ్చేదాకా బండి మీద మధ్యలో జాగా వదిలి కూర్చుంది.

ఆ వారమంతా ఆమె వంట చేసింది, బీడీలు చుట్టింది, అవసరమైన మాటలు మాట్లాడింది. భాగ్యవ్వ గేటు మీద వాలి, "ఏమే రోజా, మూతి ముడుసుకున్నవ్, మొగడు ఇంకేం రాసిచ్చిండు?" అని నవ్వింది. "అప్పు రాసిచ్చిండు" అంది రోజారాణి. భాగ్యవ్వ దాన్ని ఎగతాళి అనుకుని ఇంకా నవ్వింది. గంగాకిషన్ లోపల విన్నాడు. వీధికి తెలిస్తే ఏమవుతుందోనని ఇన్నేళ్లు వణికాడు. ఇప్పుడు వీధి అసలు లెక్కలోనే లేదు.

ఆదివారం పొద్దున ఆమె గొలుసు తీసి బీడీల చాటలో, ఆకుల మీద పెట్టింది.

"కుదవ పెట్టు. ఏ బంగారం కోసం చేసిన అప్పు ఆ బంగారమే కట్టుకోనీ. పసుపు అమ్మినంక ఇడిపించుకుందం."

కొన్నప్పుడు లక్ష పైచిలుకు. ఇప్పుడు దాని మీద రెండున్నర అప్పు పుడుతుంది. ఇన్నేళ్లూ వాళ్ల బాకీ పెరిగినట్టే ఆమె మెడలో అదీ పెరుగుతూ వచ్చింది. అతను ఎన్నడూ అటు చూడలేదు.

గజేందర్ ఇచ్చిపోయిన నంబరుకు ఫోన్ కూడా ఆమే చేసింది. "అన్నా, నేను ఆర్మూర్ అక్కను. అన్నం తిని అబద్ధం చెప్తవా?"

"తిన్నందుకే చెప్పిన అక్కా."

"మంచిది. ఇగ నిజం చెప్పు. లెటర్ ఎన్నడొస్తది?"

లెటర్ వచ్చింది. తెలిసిన వకీలుకు చూపించి, ఆమె ఖాతా నుంచి బ్యాంకుకే కట్టారు. బాకీ లేదన్న కాయితం రావడానికి ఇంకో నెల పట్టింది. దాన్ని చదివాక గంగాకిషన్‌కు తేలికగా ఏమీ అనిపించలేదు. తెలియని నంబరు మోగితే చెయ్యి ఇంకా నొక్కి ఆపబోతూనే ఉంది. భయానికి కారణం పోయిందని చేతికి ఇంకా కబురు అందలేదు.

రోజారాణి అతనితో బ్యాంకులో ఖాతా తెరిపించింది. "గీసారి పసుపు నీ పేరు మీద అమ్ముదం. ఇగ దాగే పని లేదు గదా" అంది. ఆ మాటలో కోపం ఎంతో, దయ ఎంతో అతనికి తెలియలేదు.

పాలిష్ పట్టించిన పసుపు ట్రాలీలో వేసుకుని మార్కెట్‌లో, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే హన్మండ్లు సేట్ అడ్తి దుకాణానికి వెళ్లారు. ఆ రోజు సరుకు బాగా వచ్చింది. గాలి నిండా పసుపు ధూళి, తుమ్ములు, హమాలీల కేకలు. సేట్ కొమ్ము విరిచి లోపలి రంగు చూశాడు, మంచిగుందన్నాడు. బస్తాలు ఒక్కొక్కటే కాంటా ఎక్కుతున్నాయి. రోజారాణి బోసి మెడ మీదుగా కొంగు కప్పుకుని పక్కన నిలబడింది. గంగాకిషన్ కాంటా వైపే చూస్తున్నాడు. ఒక బస్తా కుట్టు ఊడి కొమ్ములు రాలుతుంటే వంగి ఏరుతున్నాడు.

"పట్టీ ఎవరి పేరు మీద రాయాలె?" అడిగాడు గుమస్తా, అమ్మకం రసీదు పుస్తకం మీంచి తల ఎత్తకుండానే.

"రోజారాణి" అన్నాడు గంగాకిషన్.

అనేశాక గానీ తెలియలేదు. చేతిలో కొమ్ములతో అలాగే లేచి నిలబడ్డాడు. గుమస్తా రాసేశాడు.

రోజారాణి అతని ముఖంలోకి చూస్తోంది. కల్లం దగ్గర అడిగిననాడు చూసినట్టే, జవాబు దొరికేదాకా కదలనన్నట్టు. తర్వాత ఆమె పెదవి ఒక మూల కొంచెం కదిలింది.

"గిప్పుడెవలికి భయపడ్డవ్?" అంది.

అతను చేతిలోని కొమ్ములు బస్తాలో వేశాడు.

గుమస్తా తలెత్తాడు. "తప్పు వడ్డదా అక్కా? కొట్టెయ్యాల్నా?"

"వద్దు, ఉండనియ్" అంది రోజారాణి. వంగి, కింద మిగిలిన కొమ్ములు ఏరడం మొదలుపెట్టింది.