ఎర్ర బ్రేకులు

గంగాభవాని భిలాయి వెళ్లాలంటే లోకల్ రైలు ఎక్కుతుంది. మొగుడు భీమారావు కారులో వెళతాడు. ఒకే ఇంటికి తాళం వేసి, ఒకే పెళ్లికి, ఇద్దరూ చెరో దారిన చేరతారు. చుట్టాలు మొదట్లో మొగుడూ పెళ్లాలకి పడటం లేదనుకున్నారు, తరవాత అలవాటు పడ్డారు.

పడకపోవడం కాదు, భయం. భీమారావు గూడ్సు డ్రైవరుగా రిటైరై పాత కారు కొన్న రోజునే, రాయపూర్ రైల్వే కాలనీ మలుపులో గేదెను తప్పించబోయి గోడను గుద్దాడు. ఒక దీపం పగిలింది. గేదె వెనక్కి తిరిగి కూడా చూడలేదు. గంగాభవాని మాత్రం దిగిపోయి, "బ్రేకుల్లేని గాడీ నానెక్కను" అంది. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. పైగా రైలు గార్డు కూతురు, కంటికి కనిపించని బ్రేకును నమ్మే వంశం కాదు.

ఆ మాట భీమారావుకి గుండెల్లో గుచ్చుకుంది. సర్వీసంతా ఆయన ఇంజన్లో కూర్చున్నాడు, ఇంజన్లో పెళ్లాన్ని ఎక్కించుకునే రూలు లేదు. ఆయన లైను మీదుంటే, ఆవిడ పురుళ్లకి కూడా పుట్టింటికి ఒక్కతే వెళ్లింది. ఇకనైనా పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాలని కారు కొన్నాడు. ఆవిడ దిగిపోయాక పక్క సీటు మీద పరిచిన కొత్త తువ్వాలు ఇంకా మడత నలగలేదు.

ఇంతలో మరదలు ఆండాళమ్మ కూతురికి భిలాయిలో నిశ్చితార్థం కుదిరింది. భీమారావు పెరట్లో కారుకి జాకీ పెట్టి, ముందు చక్రం ఊడదీసి, పెళ్లాన్ని పిలిచాడు.

"ఇదిగో సూడు. చక్రంతో పాటు తిరిగే పళ్లెం ఇది. దాన్ని పట్టుకుని ఆపే దవడ ఇది. క్యాలిపర్ అంటారు."

గంగాభవాని వంగి చూసింది. బురద, తుప్పు, దాని మీద ఎండిన వేపాకు.

"ఇదేటి ఆపుతాదండీ! పాతినుము కొనే కబాడీవోడు కూడా అట్టుకెళ్లడు" అని లోపలికి పోయింది.

బ్రేకుకి రోగమేం లేదు, రూపమే లేదు, అంతేకదా అనుకున్నాడు భీమారావు. ఇనప బ్రష్షుతో గీకాడు, పెట్రోలు గుడ్డతో తుడిచాడు, పళ్లానికి పేపరు చుట్టాడు. గేటుకి వేయగా మిగిలిన ఎర్ర రంగు తెచ్చి దవడలకి పూశాడు. ఆగడానికి ఎరుపు తప్ప ఇంకో రంగుంటుందని రైల్వే మనిషి ఒప్పుకోడు. గేటు రంగు వేడికి తట్టుకుంటుందా అన్న అనుమానం ఆయనకి రానే లేదు.

పక్కింటి కోటయ్య గోడ మీంచి తొంగిచూశాడు.

"మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె! లోపల దాగుండే దానికి రంగేటి, మావా?"

"సూడాల్సినోళ్లు సూస్తారు లేరా!" అన్నాడు భీమారావు. చక్రాల మూతలు కూడా పీకేశాడు. ఇప్పుడు చక్రం కన్నాల్లోంచి ఎరుపు మెరుస్తోంది.

గంగాభవాని చుట్టూ తిరిగి చూసింది. కొంచెం మెత్తబడింది, కొంచెమే. "ఎక్కుతాను. కాని గార్డు సోటు ఎనకే" అని షరతు పెట్టి, పెట్టెలోంచి వాళ్ల నాన్న జెండాలు రెండూ తీసింది.

నిశ్చితార్థం రోజున ఆవిడ లడ్డూల డబ్బా పక్కన పెట్టుకుని, వెనక సీట్లో కూర్చుని పచ్చజెండా ఊపాకే కారు కదిలింది. భీమారావు నవ్వలేదు. గార్డు ఎక్కిన బండిని జెండా లేకుండా కదపడం ఆయన ఎరగడు.

ఇంకో అలవాటు కూడా ఆయనని వదల్లేదు. గూడ్సు బండి ఓ పట్టాన ఆగదు, దూరం నుంచే బ్రేకు వేసుకుంటూ రావాలి. కారునీ అలాగే నడిపాడు. ఎక్కడో సైకిలు కనిపిస్తే ఇక్కడే పెడలు మీద కాలు పడేది. ఊరి చివర టాటీబంధ్ దాకా ఆ కాలు లేవలేదు. పాపం, బ్రేకులు మాత్రం ఎంతకని ఓర్చుకుంటాయి?

చౌరస్తా దగ్గర ముందు చక్రంలోంచి సన్నగా పొగ లేచింది. గార్డు కూతురు కళ్లు పొగ మీదే ఉన్నాయి.

"హాట్ యాక్సిల్! ఇరుసు మాడతంది!" అని అరిచి, ఎర్రజెండా మొగుడి ముక్కు ముందు చాపింది.

ఎర్రజెండా చూశాక భీమారావుకి ఆలోచన ఉండదు. ఉన్న బలమంతా పెడలు మీద పెట్టాడు. కారు ఉన్నచోటే కొయ్యబారింది. లడ్డూల డబ్బా ముందు సీట్లోకి ఎగిరి, తువ్వాలు మీద దొర్లింది. వెనక ఆటోవాడు తిట్టిన తిట్లు భిలాయి దాకా వినిపించి ఉంటాయి.

కారు పక్కకి తీసి, ఇద్దరూ దిగి చూశారు. ఎర్ర రంగు అప్పడంలా పొంగి మాడుతోంది. భీమారావుకి తలెత్తాలనిపించలేదు. ఉన్న కాస్త నమ్మకం కూడా రంగుతో పాటు మాడిపోయిందనుకున్నాడు.

"రంగే మాడిందే, బ్రేకుకేటీ అవలేదు. కావాలంటే టేషనులో దింపుతాను, లోకల్‌కి పోదువు" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"రంగు తగలెట్టండి! ఎలాగాగిందో సూసినారా? మా నాన్న బండి కూడా జెండా ఊపితే మైలు దూరం పోయీసి ఆగీది."

చక్రం చల్లారాక గంగాభవాని వెనక తలుపు వైపు వెళ్లలేదు. ముందు తలుపు తీసింది, లడ్డూలు ఏరి డబ్బాలో పెట్టింది, తువ్వాలు దులిపి కూర్చుంది. జెండాలు రెండూ సంచి అడుక్కి తోసేసింది.

భీమారావు స్టీరింగు పట్టుకుని పక్క సీటు వైపే చూశాడు.

"ఏటలా సూస్తన్నారు? పోనీండి."

"జెండా?"

"గార్డు రిటేరైపోనాది" అంది గంగాభవాని.

గార్డు ఎక్కిన బండిని పచ్చజెండా లేకుండా భీమారావు కదపడం అదే మొదలు.