అదే రేవు, అదే వేళ

నేను చెప్పేవాటిలో సగం ఎవరూ నమ్మరు. ఒకసారి నా వలలో గూడకొంగ పడింది, దాని నోట్లో చేప ఉంది, ఆ చేప పొట్టలో నేను పోయినేడు పారేసుకున్న కట్టుడు పళ్లు దొరికాయి. కడిగి పెట్టుకున్నాను, ఇప్పటికీ అవే వాడుతున్నాను. ఇది చెబితే డార్విన్ పట్నం నుంచి చేపల వేటకొచ్చినవాళ్లు బీరు పక్కన పెట్టి మరీ నవ్వుతారు. నవ్వనీండి. కెజియా సంగతి చెప్పినప్పుడు మాత్రం ఎవరూ నవ్వరు. దానికి వీడియోలు ఉన్నాయి.

మాది నది ఒడ్డున క్యాంపు. పండుగప్ప చేపలు పట్టే సరదా ఉన్నవాళ్లు వచ్చి గుడారాల్లో ఉంటారు. నడిపేది నెరిడా. నేను పడవ ఇంజన్లు బాగు చేస్తాను, ఖాళీ దొరికితే కబుర్లు చెబుతాను. నెరిడానడిగితే తిరగేసి చెబుతుంది. ఆమె కూతురు కెజియాకి పదిహేనేళ్లు. దగ్గరలో ఊరే లేదు కాబట్టి పిల్ల బడి టాబ్లెట్‌లోనే జరుగుతుంది. డార్విన్‌లో కూర్చుని పెట్రాకిస్ టీచర్ పాఠం చెబుతుంది, ఇక్కడ వంటింటి బల్ల దగ్గర కెజియా వింటుంది.

ఆ ఏడు బడివాళ్లు డిజిటల్ పోర్ట్‌ఫోలియో చెయ్యమన్నారు. నేను బడి మొహం చూడనివాణ్ణి. అదేమిటని పిల్లనే అడిగాను.

"కొత్త పనొకటి నేర్చుకోవాలి క్లారీ మామా. వారం వారం వీడియో తీసి అందులో పెట్టాలి. ఏం వచ్చింది, ఏం రాలేదు, రానప్పుడు ఏం చేశాను, అవన్నీ కింద రాయాలి. పని కాదు వాళ్లు చూసేది. నేర్చుకోవడం ఎలా నేర్చుకున్నానో అది చూస్తారు."

"అయితే నాకు సున్నానే. నాకన్నీ పుట్టుకతోనే వచ్చేశాయి."

"అబద్ధాలు కూడానా?"

"అవి పుట్టకముందే వచ్చాయి పిల్లా."

విసురువల నేర్పమంది. సరేనన్నాను. పెట్రాకిస్ టీచర్ ఒక్క మాటే చెప్పింది: "ఒకే చోట నిలబడి, ఒకే వేళకి తియ్యి కెజియా. ఫోను కూడా జరపకు. అప్పుడే వారానికీ వారానికీ తేడా తెలుస్తుంది." సబబైన మాటే. మంగళవారం సాయంత్రం నాలుగింటికి, పాత రేవు సిమెంటు గట్టు మీద అని ఖాయం చేసుకున్నాం. గట్టు నీళ్లకి నిలువెత్తు పైన ఉంటుంది. నది కూడా కనిపించేలా గట్టు వెనక కొయ్యకి ఫోను కట్టాం.

మా నది దగ్గర నీళ్లకోసం నిన్న దిగిన చోట ఇవాళ దిగం. బకెట్ ముంచిన చోట మళ్లీ ముంచం, చేప కడిగిన చోట మళ్లీ కడగం. మొసలికి తొందర ఉండదు. చూస్తుంది, గుర్తు పెట్టుకుంటుంది. ఇది ఇక్కడ పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. మరి మాకెందుకు తట్టలేదు? మా బుర్రల్లో అది నది పని కాదు, బడి పని. అంతే.

మొదటి వారం వల తడి దుప్పటిలా దభీమని పడింది. కెజియా రాసింది చదివి వినిపించింది: "నేను వల విసరలేదు, వల మీద కోపం విసిరాను." తర్వాత వల అంచు పళ్లతో కరిచి పట్టడం వచ్చింది. తాడు కొస ఉచ్చులా మణికట్టుకి తగిలించుకోవడం వచ్చింది. వారం వారం వల విచ్చుకుంటోంది. ఓ మంగళవారం అయితే ఎంత గుండ్రంగా పడిందంటే, చందమామే నదిలో దూకి చచ్చిందేమో అనుకున్నాను.

కానీ వల గుండ్రమయ్యేకొద్దీ చేపలు తగ్గాయి. మొదట్లో మూటలా పడ్డ వలలోనే గుప్పెడు ఎర చేపలుండేవి. ఇప్పుడు ఒట్టి నీళ్లు కారుతున్నాయి. చేపల కోసం గట్టు చుట్టూ తిరిగే గద్దలు దూరంగా మడచెట్ల మీద కూర్చుంటున్నాయి. మా కుక్క టఫీ నీళ్ల ట్యాంకు దాటి రానంటోంది. అక్కడే కూలబడి సన్నగా ఏడుస్తోంది.

"నీ కథలు మళ్లీ వినాల్సొస్తుందని దానికి భయం" అంది నెరిడా.

కెజియా నవ్వలేదు. పోర్ట్‌ఫోలియోలో రాసుకుంది: "బాగా విసురుతున్నాను, తక్కువ పడుతున్నాయి. ఎందుకో తెలీదు. తెలుసుకోవాలి." మంచి ప్రశ్న అని టీచర్ మెచ్చుకుంది.

ఆఖరి మంగళవారం వచ్చింది. ఆ రోజు వీడియో కాదు, టీచర్ చూస్తుండగా విసరాలి. ఇంటర్నెట్ నా ఇంజన్ల షెడ్డు వసారా దాకానే అందుతుంది. అందుకని నెరిడా, నేను టాబ్లెట్ పట్టుకుని వసారాలో కూర్చున్నాం. కెజియా గట్టు మీదికి వెళ్లింది. ఉచ్చు మణికట్టుకి తగిలించుకుంది, వల భుజాన వేసుకుంది, అంచు పళ్లతో కరిచింది. నది అద్దంలా ఉంది. ఒక్క పిట్ట కూడా అరవడం లేదు.

"ముందు పాతవి వరసగా చూద్దాం" అంది పెట్రాకిస్ టీచర్. వీడియోలు ఒకదాని వెనక ఒకటి నడిచాయి. "అబ్బ! మొదట మూట, ఇప్పుడు పళ్లెం! నెరిడా గారూ, వెనక ఆ దుంగ కూడా భలే ఉంది. మొదటి వారం అవతలి గట్టున మడచెట్ల కింద. తర్వాత నది మధ్యలో. ఇదిగో, ఇక్కడ ఇటువైపే ఉంది. పోటుకి కొట్టుకొస్తోందా?"

"ఏ దుంగ?" అంది నెరిడా.

"పోయిన వారం దాంట్లో లేదులెండి. తీయించేశారా?"

నేను తెర మీదికి వంగాను. మేమందరం ఇన్ని వారాలూ వలనే చూశాం. మా నదిలో ఆటూ పోటూ ఉన్నాయి. ఒక మంగళవారం నీళ్లు సముద్రం వైపు పోతే, ఇంకో మంగళవారం ఎగువకి పోతాయి. దుంగ మాత్రం ఎప్పుడూ ఒక్క వైపే వచ్చింది.

"ఎవరూ తీయలేదు" అంది నెరిడా. ఆమె గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు.

నేనే ముందు పరిగెత్తానని వేటకొచ్చినవాళ్లకి చెబుతుంటాను. నిజానికి నేను లేచేలోపే నెరిడా సగం దూరంలో ఉంది. గట్టు దగ్గరపడగానే ఆగిపోయింది, వెనకే నేనూ ఆగాను. అడుగుల చప్పుడు సిమెంటు మీద పడకూడదు.

"కెజీ" అంది, నిద్రపోయే పిల్లని పిలిచినట్టు. "వంగకు. చేతి తాడు తియ్యి."

కెజియా నోటినిండా వల. కళ్లు మాత్రం మా వైపు తిప్పింది.

"తాడమ్మా. మణికట్టు మీది తాడు. తీసేసి వెనక్కి రా."

పిల్ల ఒక్కసారి తన కాళ్ల కింది నీళ్లు చూసింది. అక్కడ ఏమీ లేదు, గట్టు నీడ తప్ప. ఆ నీడ మాత్రం గట్టు కంటే పొడుగుంది.

ఉచ్చు తడిసి బిగుసుకుంది. రెండో చేతి వేళ్లతో లాగుతోంది. రావడం లేదు. నెరిడా పెదవి కొరుక్కుంటే రక్తం వచ్చింది. ఉచ్చు జారింది. కెజియా నోరు తెరిచి, వలని అక్కడే వదిలి, అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. వల అంచుకున్న సీసం గుండ్లు సిమెంటు మీద గలగలమన్నాయి.

నది లేచింది.

నేను పెంచి చెప్పడం లేదు. పెంచడానికి చోటు లేదు. ఆ తల గట్టు దాటి, పిల్ల మోకాళ్లు ఉండాల్సిన చోటుకి వచ్చి, వలని కరిచి పోయింది. వల వెనక తాడు బుసకొడుతూ గట్టు మీంచి జారింది. కొసనున్న ఉచ్చు సిమెంటు అంచుకి ఒక్కసారి తగిలి నీళ్లలోకి వెళ్లిపోయింది. అంతా కలిపి తుమ్మినంతసేపు. నెరిడా పిల్లని వాటేసుకుని నేలమీద కూలబడింది.

వసారాలో వెల్లకిలా పడ్డ టాబ్లెట్‌లోంచి టీచర్ పిలుస్తూనే ఉంది: "నెరిడా గారూ? విసిరిందా? నాకు కప్పు తప్ప ఏమీ కనిపించట్లేదు!"

ఆ వారం కెజియా పోర్ట్‌ఫోలియోలో రాసింది నాకు చదివి వినిపించింది. "నేను వల నేర్చుకుంటుంటే, అది నన్ను నేర్చుకుంది. వారం వారం నాలాగే అదీ మెరుగైంది. చేపలకి ఆ సంగతి ముందే తెలుసు."

"ఆ మొసలికే ఫస్టు మార్కు ఇవ్వాలి" అన్నాను నేను. "టైముకి రావడం, ఓపిక, పట్టుదల."

"అవును మామా" అంది పిల్ల. "నేను కూడా అదే అనుకున్నాను." వేళాకోళానికి అనలేదు.

ఇప్పుడు కెజియా రొట్టె కాల్చడం నేర్చుకుంటోంది. అదీ పోర్ట్‌ఫోలియో కోసమే. అంతా వంటింట్లోనే, నదికి చాలా దూరం. అయినా ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుంటుంది, ఇంకోరోజు తలుపు వెనక, మరోరోజు బియ్యం బస్తాల మీద. పాఠం వేళ కూడా పెట్రాకిస్ టీచర్ రోజూ మారుస్తోంది, ఎవరూ అడగకుండానే. పిల్లకి టీ ఇద్దామని నేను లోపలికి వెళితే, ఇవాళ ఎక్కడ కూర్చుందో ముందు వెతుక్కోవాలి.