కందిగింజంత చీకటి

వికారాబాద్‌లో జరిగిన ఆ వైజ్ఞానిక ప్రదర్శనకు ముగ్గురం న్యాయనిర్ణేతలం. రిటైరైన భౌతికశాస్త్ర ఉపాధ్యాయుణ్ని కనుక నన్ను పిలిచారు. శాలువాలకు అలవాటుపడిన మనిషి కనుక భీమప్పగారిని ముఖ్య నిర్ణేతను చేశారు. మూడో ఆయన, భీమప్పగారు తల ఊపినప్పుడల్లా తానూ ఊపడానికి వచ్చారు. రాష్ట్రస్థాయికి వెళ్లేది ఒక్క నమూనాయే.

తాండూరు నుంచి తొమ్మిదో తరగతి ముబష్షిరా వచ్చింది. గుండ్రని గాజుబుడ్డిలో బల్బు, దాని చుట్టూ సన్నని తీగపై తిరిగే కందిగింజ, ఎదురుగా వెలుగును కొలిచే ఫోను.

"ఇది సబ్‌జెయింట్ తార సార్. నడుమ ఇంధనం ఒడిసింది, అందుకే ఉబ్బుతున్నది. గీ గింజ దాని గ్రహం. గ్రహం కనబడది. అడ్డమొచ్చినప్పుడు వెలుగు జరంత తగ్గుతది, గదే గుర్తు."

పని అయిపోయాక పొట్ట పెరగడం నక్షత్రాలకూ తప్పదన్నమాట. నేను చొక్కా సర్దుకున్నాను.

ఫోను కొలతలతో ఆమె ఇంటి దగ్గర గీసిన పటంలో వెలుగు పావువంతు పడిపోయిన లోతైన గుంతలున్నాయి. భీమప్పగారు పరవశించారు.

"శభాష్! గ్రహమంటే గిట్లుండాలె. ఫస్ట్ నీదే బిడ్డా!"

వెనుక నిలబడిన తండ్రి తాజ్ మొహమ్మద్ మీసం దువ్వుకున్నాడు. ముబష్షిరా మాత్రం పటం మీద చెయ్యి పెట్టింది.

"గది గ్రహం కాదు సార్. మా పక్కన బండల పాలిష్ మిషిన్. అబ్బా నడిపేదే. అది షురూ అయినప్పుడల్లా కరెంటు గుంజుతది, బల్బు మసకబారుతది. గింజ తీసేసి సుత చూసిన, గట్లనే అయ్యింది. గింజతోని తగ్గేది వెయ్యిల రెండు మూడు వంతులే. గది ఇంక దొరకలే."

"మిషిన్ ముచ్చట నిన్నెవరడిగిండ్రు? గ్రహమని ఒప్పుకో, రాష్ట్రానికి పంపుత."

"అబద్ధమైతది సార్."

"మరి కండ్లకు కనబడనిదానికి మార్కులెట్లెయ్యాలె?"

ఆ మాటంటూ చెయ్యి తిప్పితే ఆయన వేలికున్న నీలం ఉంగరం మెరిసింది. అది శనికోసం పెట్టుకున్నది. ఆ శనిని ఆయన ఎన్నడైనా చూశారా అని అడగడం మర్యాద కాదనుకున్నాను.

ఆమెకు దక్కింది నా ఒక్కడి ఓటు. వంటసోడాతో పొంగిన అగ్నిపర్వతం గెలిచింది. రాష్ట్రస్థాయిలో దానికి మరో పదకొండు అగ్నిపర్వతాలు ఎదురయ్యాయని తరువాత విన్నాను.

గేటు దగ్గర తాజ్ మొహమ్మద్ గొణిగాడు. "నా మిషిన్ పేరు చెప్పి ప్రైజు పోగొట్టుకుంటివి బేటా!"

"మీ మిషిన్ మంచిదే అబ్బా. గ్రహమే కాదు."

ఆయనకు నవ్వాగలేదు. "శుక్రారం మా గల్లీల మిషిన్లన్నీ బంద్. గప్పుడు కొలిచి చూద్దం. సార్, మీరు సుత రాండ్రి."

వెళ్లాను. రాతిపొడి అణిగిన ఆ వీధి నిశ్శబ్దంగా ఉంది. ఫోనులో గీత తిన్నగా సాగుతూ, గింజ అడ్డం వచ్చిన ప్రతిసారీ వెంట్రుకవాసి కిందికి దిగింది. గింజ తీస్తే దిగలేదు. పెడితే మళ్లీ దిగింది.

తాజ్ మొహమ్మద్ కళ్లజోడు ఎత్తి చూశాడు. "గింతేనా? నా మిషిన్‌దయితే బాయి తవ్వినట్టుండె."

"గింతే అబ్బా. పెద్దగుంటెనే అనుమానపడాలె."

ఆయన కళ్లజోడు మళ్లీ దించుకున్నాడు.

"మంచిది. రేపటి సంది మిషిన్ షురూ చేసే ముందు నీకు మిస్డ్ కాల్ ఇస్త, గప్పుడు కొలుసుడు ఆపు."