లేడీస్ అని రాసి ఉన్న తలుపు

"కంపెనీ పేరు చూసి సంతకం పెట్టెయ్ గ్లోరీ. నువ్వు కొత్తగా కనిపెట్టేదేముంది?" అన్నాడు నా భర్త జాన్సన్, నేను ఆయన టిఫిన్ డబ్బా మూత బిగిస్తుంటే. తార్నాకలోని మా వంటింట్లో ఉదయం ఐదింటికే నా మొదటి డ్యూటీ మొదలవుతుంది. రెండోది యూనివర్సిటీలో, సెక్షన్ ఆఫీసరుగా. అమ్మాయిల హాస్టల్ మెస్‌ని ఒక పేరుమోసిన కేటరింగ్ కంపెనీకి అప్పగించే కమిటీలో నన్నూ వేశారు. ఒక ఆడమనిషి ఉండాలన్న రూలుంది మరి. అందులో నా పని టీలు చెప్పడం, మినిట్స్ రాయడం. మాట్లాడటం చైర్మన్ వెంకటసుబ్బారావుగారి పని.

ఆరోజు లాలాపేట్‌లో ఆ కంపెనీ వంటశాల చూడటానికి వెళ్లాం. గోడనిండా సర్టిఫికెట్లు, తళతళలాడే స్టీలు బల్లలు. సార్లు గులాబ్‌జామూన్ రుచి చూసి, "ఇంత పెద్ద బ్రాండ్ మన దగ్గరికి రావడమే ఎక్కువ" అని మురిసిపోయారు. నేను మాత్రం పొద్దుటి నుంచి బిగబట్టుకుని ఉన్నాను. బాత్‌రూమ్ ఎక్కడని అడిగితే మేనేజర్ నీళ్లు నమిలాడు. ఇక లాభం లేదని నేనే వెనక్కి నడిచాను. లేడీస్ అని రాసి ఉన్న తలుపు తీస్తే, లోపల కప్పు దాకా ఉల్లిపాయల బస్తాలు.

పక్కనే గిన్నెలు తోముతున్నామె చేతులు ఆపింది. పేరు సారలమ్మ, మాణికేశ్వర్ నగర్ నుంచి వస్తుందట.

"గీడ లేదమ్మా. పొద్దుగాల ఆరింటికొస్తం, నాలుగింటి దాంక నీళ్లు తాగం. తాగితే ఏడికి పోవాలె? ఉచ్చల మంట పట్టి మాతోని పనిచేసే పూర్ణిమ దవాఖానల వడ్డది. నా పేరు మాత్రం చెప్పకు, పనిలకెల్లి తీస్తరు."

నాకు ఒళ్లు మండిపోయింది. కారెక్కగానే చైర్మన్‌గారికి చెప్పాను.

"మనం వచ్చింది వంట చూడటానికా, బాత్‌రూములు చూడటానికా మేడమ్? సంతృప్తికరం అని రాసేయండి" అన్నారాయన. కమిటీలో తక్కిన ఇద్దరు సార్లూ నవ్వారు. ఆ వంట వండి, ఆ గిన్నెలు తోమే ఆడవాళ్లు వాళ్ల లెక్కలో లేనే లేరు.

ఇంటికొచ్చి కుక్కర్ పెట్టకుండా మినిట్స్ కాగితం ముందేసుకున్నాను. పనిచేసే స్త్రీలకు మరుగుదొడ్డి లేదు, ఉన్నదాన్ని గోదాముగా వాడుతున్నారు, నేను స్వయంగా చూశాను, ఈ కంపెనీని సిఫారసు చేయడానికి ఒప్పుకోను అని రాశాను. సారలమ్మ పేరు రాయలేదు. అయినా ఆమెనే అనుమానిస్తారేమోనని భయం, ఇప్పటికీ పోలేదు.

జాన్సన్ నా వెనక నిలబడి చదివాడు. "పిచ్చెక్కిందా? అంత పేరున్నవాళ్ల మీద నువ్వు చెబితే ఎవరు నమ్ముతారు?"

ఈ మాట నాకు కొత్త కాదు. పెళ్లయిన ఆర్నెల్లకు వాచిన చెంపతో విద్యానగర్‌లోని పుట్టింటికి వెళితే మా అమ్మ కూడా ఇదే అంది. "జ్ఞానప్రకాశం పాస్టర్‌గారి కొడుకు కొట్టాడంటే చర్చిలో ఎవరు నమ్ముతారే?" ఆ పూటే ముఖం కడుక్కుని తిరిగొచ్చేశాను. పందొమ్మిదేళ్లుగా దెబ్బలు చీరకొంగు కింద దాచుకుంటూ ఈ ఇంటి పేరు నిలబెడుతున్నాను.

మినిట్స్ కింద సంతకం పెట్టాను. ఇంకో తెల్లకాగితం తీసుకున్నాను.

"మళ్లీ ఏం రాస్తావు?" అన్నాడు.

"ఇది మీ గురించి" అన్నాను.