టోపీ కింది తెలుపు

తెల్లగా, మెత్తగా, అప్పుడే పెంకు ఒలిచిన గుడ్డులా — నాన్న నుదురు.

రోజూ సాయంత్రం కనిపించేది. గోధుమ చేలల్లోంచి ఎర్రదుమ్ము కొట్టుకుని వచ్చిన నాన్న క్లారీ, అమ్మ భోజనం పెట్టిన బల్ల ముందు కూర్చోబోతూ టోపీ తీసి మేకుకు తగిలించేవాడు. కనుబొమ్మల దాకా ఇటుక రంగు. ఆపైన ఒక గీత. గీతకు పైన తెలుపు... ఎండ ఎన్నడూ చూడని చోటు.

చిన్న డల్సీ నోట్లో ముక్క నమలడం మరిచిపోయి అటే చూసేది.

"ఏంటే ఆ చూపు? నా నెత్తిమీద గలా పిట్ట గానీ వాలిందా?" అనేవాడు నాన్న.

పిట్ట వాలలేదు. ఆ పిల్ల మనసే వాలింది. ఎప్పటికైనా ఆ నుదురు బొమ్మ వేయాలని అప్పుడే అనుకుంది.

పెద్దయ్యాక సిడ్నీ వెళ్ళింది. బొమ్మలు నేర్చుకుంది. అక్కడ పెద్దమనుషుల మొహాలు వేయమన్నారు — జడ్జీలు, బిషప్పులు, మెడలో గొలుసులున్న మేయర్లు. వేసింది. చేయి తిరిగింది గానీ మనసు తిరగలేదు. అన్ని మొహాలూ పైనుంచి కిందిదాకా ఒకే రంగు. ఎండకు బయటికే రాని మనిషికి గీత ఎక్కడినుంచి వస్తుంది?

సొంతూరు మల్గా ఫ్లాట్‌కు తిరిగొచ్చింది. ఎర్రనేలకు, ఈగలకు, గులాబీ రంగు గలా పిట్టల గోలకు.

ఊరు ముక్కున వేలేసుకుంది. సిడ్నీలో బతకలేక వచ్చేసిందన్నారు కొందరు. అక్కడెవడో మోసం చేశాడన్నారు ఇంకొందరు. డల్సీ ఎవరి మాటా చెవిన పెట్టలేదు. నాన్న పాత టోపీ ఒకటి తలకు తగిలించుకుంది. పెరట్లో, నడి ఎండలో, బొమ్మ స్టాండు నిలబెట్టింది. బొమ్మకు కూర్చునేవాళ్ళకు షరతు ఒక్కటే.

టోపీ తీయాలి.

"చొక్కా అయితే తీస్తా. టోపీ మాత్రం అడక్కు తల్లీ!" అన్నాడు కంచెలు వేసే నెవ్. "టోపీ లేకుండా నన్ను మా ఆవిడే సరిగా చూళ్ళేదు."

"అయితే ఆవిణ్ణి కూడా పిలువు, చూసి సంతోషిస్తుంది."

తీశాడు. తీసి ఒళ్ళో పెట్టుకుని అంచు నలుపుతూ కూర్చున్నాడు. అంత మొరటు మనిషీ బడిలో మొదటిరోజు పిల్లాడైపోయాడు. మొహమంతా గాలీ కరువూ చెక్కేశాయి. నుదుటిని మాత్రం ముట్టుకోలేదు. పుట్టినప్పటి చర్మం ఆ కాస్త చోటే మిగిలింది. డల్సీకి అతని మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ బొమ్మ పోటీ కోసం రైలెక్కి సిడ్నీ వెళ్ళింది... రైల్లోనే తిరిగొచ్చింది. ఎవరో ఫోన్‌లో మర్యాదగా చెప్పారు.

"మొహం చాలా బాగుందండీ. నుదుటికి రంగు వేయడం మరిచిపోయినట్టున్నారు. పూర్తిచేసి వచ్చే ఏడు పంపండి."

నెవ్ బారులో కనబడినవాడికల్లా టోపీ ఎత్తి చూపించాడు. "నేనింకా పూర్తవలేదంటరా! మా అమ్మ నన్ను సగంలో వదిలేసిందంట!"

ఊరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. డల్సీ కూడా నవ్వింది. పెరట్లోకి పోయి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ కుంచె పట్టుకుంది.

ఆ నవ్వుతో ఊరికి సిగ్గు పోయింది. గొర్రెలు తోలేవాళ్ళు వచ్చారు. గోధుమ లారీలు నడిపేవాళ్ళు వచ్చారు. "నన్ను కూడా సగంలో వదిలెయ్, డల్స్!" అంటూ వచ్చి కూర్చునేవాళ్ళు. ఊరి హాలు గోడలు తెల్ల నుదుళ్ళతో నిండిపోయాయి. ఏళ్ళు గడిచాక సిడ్నీయే వెతుక్కుంటూ వచ్చింది. పేరొచ్చింది.

అందరి నుదుళ్ళూ వేసింది — నాన్నది తప్ప.

అమ్మ పోయాక క్లారీ బల్ల దగ్గర కూడా టోపీ తీయడం మానేశాడు. డల్సీ బతిమాలింది, అలిగింది, అరిచింది. ఎప్పుడడిగినా ఒకటే జవాబు.

"టోపీ తీసేది మీ అమ్మ బల్ల ముందే. బొమ్మకి తీస్తానా?"

గుర్తున్నంత మేరకు వేసెయ్యొచ్చుగా అన్నాడు నెవ్. డల్సీ ఒప్పుకోలేదు. అది మనిషి తనంతట తాను ఇవ్వాలి. ఇవ్వనిది తీసుకుంటే దొంగతనమే.

క్లారీ మోకాళ్ళు మొరాయించాయి. చేలు కౌలుకు పోయాయి. రేడియో పక్కన, కిటికీ తెర వెనక, టోపీతోనే కూర్చునేవాడు. ఎండ అతని కోసం గుమ్మందాకా వచ్చి వెళ్ళిపోయేది. డల్సీకి లోపల భయం మొదలైంది. ఇంకెంత కాలం?

ఒక చలికాలపు పొద్దున, పిలవకుండానే, కర్ర పొడుచుకుంటూ పెరట్లోకి వచ్చాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"వేసుకో. మీ అమ్మ కల్లోకొచ్చి తిట్టింది, పిల్లని ఎన్నాళ్ళు ఏడిపిస్తావని."

టోపీ తీశాడు.

గీత లేదు.

నీడలో గడిచిన ఏళ్ళు, రోజూ చూసే కళ్ళకు తెలియకుండా, ఇటుక రంగును కడిగేశాయి. మొహమంతా ఒకటే తెలుపు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన నుదురు ఎక్కడ మొదలవుతుందో డల్సీకి తెలియలేదు.

"ఏంటే ఆ చూపు? గలా పిట్ట వాలిందా?"

"గీత పోయింది నాన్నా... నేను ఆలస్యం చేశాను."

"నువ్వా? నేను చేశాను." వేళ్ళతో నుదురు తడుముకున్నాడు. తర్వాత చేయి చాచి కూతురి తలమీది టోపీ, ఒకప్పటి తన టోపీ, మెల్లగా ఎత్తాడు.

ఎత్తి, పకపకా నవ్వాడు.

"ఇక్కడుందే! ఎప్పుడు ఎత్తుకుపోయావే, దొంగమొహమా!"

ఊరందరి నుదుళ్ళూ చూసిన డల్సీ తన నుదురు చూసుకోలేదు. నడి ఎండలో ఇన్నేళ్ళు నిలబడింది కదా... కనుబొమ్మల దాకా ఇటుక రంగు. ఆపైన గీత. చేత్తో తడుముకుంది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఆపుకోలేదు.

క్లారీ రెండు టోపీలనూ స్టాండు మేకుకు తగిలించాడు. "ఇద్దరినీ వెయ్యి" అన్నాడు.

పైన గలా పిట్టలు గోలగోలగా వెళ్ళాయి. డల్సీ కుంచెను తెల్లరంగులో ముంచింది. బొమ్మ వేసే గుడ్డకు తాకకుండానే, చేయి గాలిలో ఆగింది.

తెల్లగా, మెత్తగా, అప్పుడే పెంకు ఒలిచిన గుడ్డులా — ముందు ఎవరి నుదురు...