పుల్లల లారీ

భరద్వాజ్ పనిచేసే ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ మూతపడ్డాక అతని చేతులకి పని లేకుండా పోయింది. ఇల్లు గడవడానికి ఇబ్బందేమీ లేదు. భార్య సంహిత తాడేపల్లిగూడెంలోనే హైస్కూల్లో సైన్సు టీచరు. కానీ ఇన్నేళ్ళూ థర్మల్ లాబ్‌లో ఇంజన్లు విప్పి, బిగించి, పిల్లలకి చూపించిన మనిషి పొద్దున్న చదివిన పేపరే మధ్యాహ్నం మళ్ళీ చదువుతుంటే ఆమె చూడలేకపోయింది.

"ఏదో ఒకటి చేసుకోండి. పాడైపోయినా ఫరవాలేదు," అంది ఒకరోజు.

అతనికి చిన్నప్పట్నుంచీ మనసులో ఉన్నది బొగ్గు బస్సు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క, వెనకాల డ్రమ్ములో బొగ్గులు రాజేసి, ఆ గ్యాసుతో నడిపిన బస్సులో ఏలూరు వెళ్ళొచ్చానని తాతగారు చెబుతుండేవారు. వంతెన ఎక్కాల్సొస్తే జనం దిగి తోసేవారట. అలాంటిదే ఇప్పుడు కర్రముక్కలతో చెయ్యాలని భరద్వాజ్ కోరిక. పాత పెట్రోలు మినీ ట్రక్కు ఒకటి సంపాదించి పెరట్లో పెట్టించాడు. పెంటపాడు రోడ్డులో వెల్డింగ్ షాపు ఉన్న ఎలీయాజరుకి కబురు పంపాడు.

ఎలీయాజరు కాలేజీ రోజులనుంచీ తెలిసినవాడే. లాబ్‌లో ఏది విరిగినా అతని దగ్గరికే వెళ్ళేది. వచ్చి, బండి చుట్టూ తిరిగి, భరద్వాజ్ గీసిన బొమ్మ చూసి నవ్వేశాడు.

"పొయ్యి నెత్తిన పెట్టుకుని తిరుగుతారాండీ మాస్టారూ?"

"పొయ్యి కాదయ్యా. పొయ్యిలోంచి వచ్చే గ్యాసు."

"పొగతో లారీ నడుస్తాదంటారు?"

"నడుస్తుంది. చూద్దువుగాని."

షాపు కట్టేసి సాయంత్రం వస్తానని వెళ్ళినవాడు ఆ రోజునుంచీ ఏ సాయంత్రమూ రాకుండా ఉండలేదు.

చెప్పుకోవడానికి తేలికైన పనే. మూత ఉన్న ఇనప డ్రమ్ములో ఎండిన సరుగుడు ముక్కలు పోసి అడుగున నిప్పు పెడతారు. గాలి చాలినంత అందక ముక్కలు పూర్తిగా మండవు, గ్యాసు పుడుతుంది. దాన్ని గొట్టాల్లో చల్లార్చి, కొబ్బరి పీచులోంచి వడగట్టి ఇంజనుకి ఇస్తారు. చెయ్యబోతే తెలిసింది కష్టం. మొదటి డ్రమ్ము అడుగు వేడికి ఊడిపోయింది. మందం రేకు వేసి ఇంకోటి చేస్తే అది నెర్రెలిచ్చింది. ముక్కల్లో కాస్త చెమ్మ ఉన్నా తారు దిగి వాల్వులు జిగురు పట్టినట్టు అతుక్కుపోయేవి. ఇంజను హెడ్డు విప్పడం, గీకడం, బిగించడం, వారం తిరక్కుండా మళ్ళీ విప్పడం. ఆరేసిన చీరలకి కూడా కమురు వాసన పట్టిందని సంహిత విసుక్కునేది, విసుక్కుంటూనే ఇద్దరికీ టీ పెట్టి తెచ్చేది. గొట్టం చివర అగ్గిపుల్ల పెడితే మొదటిసారి మంట నీలంగా నిలబడిన సాయంత్రం ఎలీయాజరు "స్తోత్రం!" అని అరిచి భరద్వాజ్‌ని కావలించుకున్నాడు. ఇద్దరి ఒళ్ళూ మసే.

ఒక్క సంగతి మాత్రం భరద్వాజ్ క్లాసులో చెప్పినట్టు పదేపదే చెప్పేవాడు. "ఇంజన్ తిరుగుతున్నంతసేపూ గ్యాసుని అదే లాక్కుంటుంది, భయం లేదు. ఆపావా, లోపల నిప్పు ఆరదు, గ్యాసు పుడుతూనే ఉంటుంది, సందు దొరికితే బయటికొస్తుంది. అది విషం. నిద్రొచ్చినట్టు ఉంటుంది, అంతే. బండి ఆపగానే డ్రమ్ముకి దూరంగా ఉండాలి." మూత చుట్టూ వేడికి ఆగే తాడు బిగించేవారు. అది మాటిమాటికీ కాలి పొడిపొడిగా రాలిపోయేది.

బండి రోడ్డెక్కిన రోజున గూడెంలో జనం పుల్లల లారీ అని పేరు పెట్టారు. ఎవరో ఫోనులో వీడియో తీశారు. అందులో ఎలీయాజరు వెనకాల నిలబడి, డ్రమ్మును తడుతూ, "పెట్రోలొద్దండీ, డీజిలొద్దండీ! నాలుగు పుల్లలేసుకుని ఆకివీడెళ్ళిపోవచ్చండీ!" అని అరుస్తాడు. ఆ వీడియో జిల్లా అంతా తిరిగింది.

ఆ ఏడు వానలకి తమ్మిలేరూ బుడమేరూ ఒక్కసారే పొంగాయి. కొల్లేట్లోకి చేరిన నీరు ఉప్పుటేరులోకి దిగే దారి చాలక, చేపల చెరువుల గట్ల మధ్య ఎగదన్ని లంక ఊళ్ళమీద పడింది. ఆకివీడు చుట్టుపక్కల బంకుల్లో పెట్రోలు అయిపోయింది. సంహిత స్కూల్లో టీచర్లంతా కలిసి బియ్యం బస్తాలు, మంచినీళ్ళ టిన్నులు పోగుచేశారు. పడవలు బయల్దేరే చోటిదాకా వాటిని చేర్చే బండి దొరకలేదు.

"మన బండి వెళ్తుందాండీ?" అని సంహిత అడిగింది. ఆ బండిని ఆమె మన బండి అనడం అదే మొదలు. భరద్వాజ్‌కి ఒళ్ళు పులకరించింది.

బయల్దేరే ముందు ఎలీయాజరు మూత తీసి చూశాడు. "తాడు మళ్ళీ పోయిందండీ మాస్టారూ. కొత్తది రేపటికి తెప్పిస్తానండి."

"రేపటిదాకా అక్కడ వాళ్ళేం తాగుతారయ్యా? ఈ ఒక్కరోజుకీ మట్టి మెత్తెయ్. బండి నడుస్తుంటే ఏం కాదు."

ఎలీయాజరు బంకమట్టి కలిపి మూత చుట్టూ మెత్తాడు.

ఆ రోజు బండి ఎంత బాగా నడిచిందో. గూడెంనుంచి సామాను దింపాక ఊరుకోలేదు, ఆకివీడు స్టేషన్ దగ్గర పడున్న సరుకంతా పడవల దగ్గరికి చేరవేశారు. ఆగిపోయిన బళ్ళ పక్కనుంచి కమురు వాసన కొట్టుకుంటూ పోతుంటే జనం చప్పట్లు కొట్టారు. నడుంలోతు నీళ్ళలో నిలబడి ఎలీయాజరు టిన్నులు అందిస్తుంటే స్టీరింగు దగ్గర భరద్వాజ్‌కి కళ్ళు చెమర్చాయి. జన్మలో ఇంకేమీ చెయ్యకపోయినా ఫరవాలేదనిపించింది.

తిరుగు ప్రయాణంలో వాన మళ్ళీ అందుకుంది. ఎలీయాజరు నిలువునా తడిసి వణుకుతున్నాడు. "ముందుకొచ్చి కూర్చో," అన్నాడు భరద్వాజ్.

"ముక్కలు తడిస్తే ఇంటికెళ్ళలేమండీ. నేను వెనకాలే ఉంటాను. డ్రమ్ము పక్కన వెచ్చగా ఉందండీ." టార్పాలిన్ పైనుంచి లాగి, ముక్కల బస్తాలనీ తననీ కప్పుకుని, నాలుగు వైపులా కట్టేసుకున్నాడు. "పోనివ్వండి మాస్టారూ!" అని లోపల్నుంచి కేకేశాడు.

ఆకివీడు దాటి కొంత దూరం వచ్చేసరికి తూము దగ్గర నీరు రోడ్డెక్కి బళ్ళన్నీ నిలిచిపోయాయి. భరద్వాజ్ ఇంజన్ ఆపి, ఎంతసేపు పడుతుందో కనుక్కుందామని దిగాడు. పక్కనే పాకలో టీ కాస్తున్నారు. అక్కడ చేరిన లారీ డ్రైవర్లు బండిని చూసి ముసిరారు. "దేనిమీద నడుస్తాదండీ ఇది?" అని ఒకడు అడిగాడు. భరద్వాజ్‌కి చెప్పడమంటే ఇష్టం. కాలేజీ పోయాక అలా ఎవరూ అడగలేదు. కర్ర ఎలా గ్యాసవుతుందో, ఇంజన్ దాన్ని ఎలా లాక్కుంటుందో చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పాడు.

తర్వాత ఎలీయాజరు కోసం వేడి టీ గ్లాసు పట్టుకుని బండి దగ్గరికొచ్చి టార్పాలిన్ అంచు ఎత్తాడు. అతను బస్తాకి జారగిలబడి, నోరు కొద్దిగా తెరిచి పడుకుని ఉన్నాడు. ముఖం ఎర్రగా, చలి తీరినవాడిలా కళకళలాడుతోంది. పాపం, పొద్దుట్నుంచీ ఒళ్ళు హూనం చేసుకున్నాడు, పడుకోనీ అనుకున్నాడు భరద్వాజ్. వాన లోపలికి కొట్టకుండా టార్పాలిన్ మళ్ళీ జాగ్రత్తగా దించి, ముడి గట్టిగా వేశాడు. టీ చల్లారిపోతుందని అక్కడే నిలబడి తనే తాగేశాడు.

బళ్ళు కదిలాయి. ఉండి ఊరు దాటి భీమవరం వచ్చాక వెనక అద్దం మీద తట్టాడు. పలుకు లేదు. మళ్ళీ తట్టాడు. అప్పుడు, తను పాకలో నిలబడి వాళ్ళకి చెప్పిన మాటలే చెవుల్లో వినబడ్డాయి. బ్రేకు తొక్కి, పరుగెత్తి, టార్పాలిన్ చింపేశాడు. ఎలీయాజరు ఒళ్ళు వెచ్చగానే ఉంది, డ్రమ్ము వేడికి. ఆ వెచ్చదనం చూసి ఆసుపత్రిదాకా ఆశ పడ్డాడు. అక్కడ డాక్టరు, ప్రాణం పోయి చాలాసేపైందని చెప్పారు.

పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. వరద బాధితులకి సాయం చేస్తూ పోయాడని పేపర్లో ఫొటో వేశారు. భరద్వాజ్‌ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అది అతను భరించలేకపోయాడు. ఎవరైనా చొక్కా పట్టుకుంటే బాగుండును.

సమాధి చేసి వచ్చిన రోజు సంహితని వెంటబెట్టుకుని ఎలీయాజరు ఇంటికి వెళ్ళాడు. అతని భార్య తేజశ్రీ కుర్చీలు వేసి కూర్చోబెట్టింది. చెప్పాల్సిందంతా కూడగట్టుకుని వెళ్ళాడు: మట్టి మెత్తమన్నది నేను, ముడి వేసింది నేను అని. నోరు తెరవబోయేలోగా ఆమే అడిగింది.

"మాస్టారండీ, పొద్దున్న ఇంట్లో ఏమీ తినకుండా బయల్దేరాడండీ. తొందరగా వచ్చేస్తానన్నాడు. దారిలో ఏమైనా తిన్నాడాండీ? కడుపు కాలుతానే పోయాడా?"

భరద్వాజ్ ఆమె ముఖం చూడలేకపోయాడు.

"టీ తాగాడమ్మా. వేడిగా ఉందని మెల్లగా తాగాడు."

"అంతేలెండి. టీ అంటే ప్రాణం," అంది తేజశ్రీ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. ఆమె ముఖంలో కొద్దిపాటి నెమ్మది కనిపించింది. ఇక ఆ తర్వాత నిజం చెప్పడానికి అతనికి దారి లేకుండా పోయింది.

బండి పోలీసు స్టేషన్‌నుంచి ఇంటికొచ్చింది. భరద్వాజ్ ఒక్కడే పెరట్లో కూర్చుని మూత మీది మట్టి గీకాడు. ఒక పక్క అది ఎండి, వేలు పట్టేంత బీట ఇచ్చి ఉంది. అంచులు సాపు చేసి, కొత్త తాడు తెప్పించి, బోల్టు బోల్టుకీ తిరిగి బిగించాడు. సబ్బునీళ్ళు పోసి చూశాడు. ఎక్కడా ఒక్క బుడగ రాలేదు.

సంహిత గుమ్మంలో నిలబడి చూసింది. "ఎవరికోసమండీ ఇప్పుడు?" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. వచ్చి పక్కన కూర్చుని ఏడ్చింది. అతనికి ఏడుపు కూడా రాలేదు.

బండిని మళ్ళీ ముట్టించలేదు. ముక్కలు చేయించి పాత ఇనుము కింద తూకానికి పంపేశాడు. కానీ వీడియో ఎక్కడికీ పోలేదు. వరదప్పుడు బండి చేసిన సాయం తెలిశాక మరీ ఎక్కువైంది. మేమూ చేసుకుంటాం, కొలతలు చెప్పండని ఎక్కడెక్కడివాళ్ళో ఫోన్లు చేసేవారు. వద్దని బతిమాలేవాడు. ఎందుకో చెప్పేవాడు. అయ్యో అనేవారు, అని, డ్రమ్ము ఎన్ని అంగుళాలండీ అనేవారు.

ఆకివీడు దగ్గర చేపల చెరువులున్న సత్తిబాబు అనే ఆయన అప్పటికే చేసేశానని చెప్పాడు. భరద్వాజ్ మర్నాడే బస్సెక్కి వెళ్ళాడు.

చెరువు గట్టుమీద నాలుగు వైపులా రేకులు కొట్టిన షెడ్డు. లోపల డ్రమ్ము, పక్కన పాత ఇంజను. కరెంటు పోయినప్పుడు చెరువులో చేపలకి గాలి అందించే చక్రాలు తిప్పడానికట. సత్తిబాబు మర్యాదగా కుర్చీ వేసి, ఫోను తీసి వీడియో పెట్టాడు. నాలుగు పుల్లలేసుకుని ఆకివీడెళ్ళిపోవచ్చండీ అని ఎలీయాజరు గొంతు షెడ్డంతా మోగింది.

"ఈయన్ని చూసేనండీ చేసింది. భలే చెప్పాడు."

"ఆయన లేరండీ. ఈ గ్యాసు వల్లే పోయారు," అన్నాడు భరద్వాజ్. జరిగిందంతా చెప్పాడు. తేజశ్రీకి చెప్పలేనిది కూడా ఈ ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాడు. సత్తిబాబు నిజంగానే బాధపడ్డాడు. కాఫీ తెప్పించాడు.

"ఇంజను ఆపాక ఇక్కడ ఎవరుంటారండీ?" అని అడిగాడు భరద్వాజ్, మూల ఉన్న మంచం చూసి.

"మా కాపలా మనిషండీ. వానాకాలం కదండీ, వెచ్చగా ఉంటాదని తలుపేసుకుని ఇక్కడే పడుకుంటాడు."

భరద్వాజ్ లేచి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆ మంచం తీయించండి. తలుపు ఊడబీకించండి. మీకు దణ్ణం పెడతాను."

"అలాగేనండి, అలాగేనండి. మీరు కంగారుపడకండి. మావాడికి గట్టి ఒళ్ళండీ," అన్నాడు సత్తిబాబు. అన్నాడేగాని మంచం వైపు చూడలేదు.

భరద్వాజ్ గట్టు సగం నడిచేసరికి చినుకులు మొదలయ్యాయి. వెనక్కి తిరిగితే కాపలా మనిషి షెడ్డు తలుపు మూస్తున్నాడు. గబగబా వెనక్కి వెళ్ళి తలుపు తెరిచాడు. "ఇంజను తడిసిపోతాదండీ," అన్నాడు ఆ మనిషి మెత్తగా, మళ్ళీ మూయబోతూ. భరద్వాజ్ గుమ్మంలో కూర్చుని, తలుపుకి వీపు ఆన్చాడు. సత్తిబాబు, కాపలా మనిషి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దమనిషిని లేవమనడానికి వాళ్ళకి నోరు రాలేదు.

సంహిత ఫోను చేసింది. "బయల్దేరారాండీ?"

"లేదు. ఇక్కడ తలుపు మూసేస్తున్నారు. ఇవాళ ఇక్కడే ఉంటాను."

 "రేపు కూడా మూస్తారు కదండీ," అంది సంహిత.

"తెలుసు," అన్నాడు భరద్వాజ్. అక్కణ్ణుంచి లేవలేదు.