వాయిదా పడ్డ ఆకురాలు కాలం

మా బిక్‌ఫర్డ్‌లో ఆకురాలు కాలం దానంతటది రాదు. సభ పెట్టి, తీర్మానం చేసి, రమ్మని పిలవాలి. మిగతా వెర్మాంట్ రాష్ట్రంలో అది ఎలా వస్తుందో నాకు తెలియదు. బహుశా తలుపు తట్టకుండా వచ్చేస్తుందేమో. ఊరు కట్టిన పెద్దలు మాత్రం సభ పుస్తకం మొదటి పేజీలోనే రాసి పెట్టారు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజున అందరూ సభామందిరంలో కూడాలి. ఒక్కొక్కరే లేచి గడిచిన ఏడాదిని తలచుకోవాలి. రాబోయే ఏడాదికి ఒక సంకల్పం చెప్పాలి, గుమాస్తా దాన్ని రాసుకోవాలి. ఆపైన ఓటు. అందరూ "అవును" అంటే తెల్లారేసరికి మేపుల్ చెట్ల కొసలు ఎర్రబడతాయి. రెండు వందల ఏళ్లకు పైగా ఒక్కసారి కూడా తప్పలేదు.

ఊరి కూడలిలో నాకో దుకాణం ఉంది. మేకులు, రబ్బరు బూట్లు, మేపుల్ పాకం, మా ఆవిడ డెల్ఫీన్ పంచదార అద్ది ఇచ్చే డోనట్లు అమ్ముతాం. ఏడాదిలో మూడు వారాలు రంగు మారిన ఆకులు చూడటానికి కార్లలో జనం వస్తారు. ఆ మూడు వారాలే మిగతా నలభై తొమ్మిది వారాలనూ మోస్తాయి. కాబట్టి ఆ ఋతువంటే నాకు భక్తి కంటే అవసరం ఎక్కువ.

ఈసారి సభ మామూలుగానే మొదలైంది. చర్చి ఆడవాళ్లు వెనక బల్ల మీద ఉడికించిన చిక్కుడు గింజలు, ఆపిల్ పైలు సర్దుతున్నారు. అధ్యక్షురాలు హ్యారియెట్ పీస్‌లీ సుత్తితో బల్ల మీద కొట్టగానే ఓరిన్ గేజ్ లేచాడు. ఆయనకు ఎనభై మూడేళ్లు. ప్రతి సభలోనూ ఏదో ఒకటి ప్రతిపాదిస్తాడు, ప్రతిసారీ ఓడిపోతాడు.

"తొందరగా చెప్పండి ఓరిన్. పైలు చల్లారిపోతున్నాయి," అంది హ్యారియెట్.

"ఏటేటా కొత్త సంకల్పాలు చెప్పుకుని ఇంటికి పోతున్నాం. పోయినేటివి ఏమయ్యాయని ఒక్కడైనా అడిగాడా? పాతవి తీరేదాకా కొత్తవి రాయకూడదు. కొత్తవి రాసేదాకా ఓటు పెట్టకూడదు. అదీ నా ప్రతిపాదన."

పాత సరుకు కదలకుండా కొత్తది తెప్పించకూడదన్నది నా దుకాణం పద్ధతి కూడా. వినడానికి బాగుంది కదా అని నేనే బలపరిచాను. జనం చూపంతా పైల మీదే ఉంది. అందరూ ఒక్క గొంతుతో "అవును" అన్నారు.

పైలు తిన్నాక గుమాస్తా పోయినేటి జాబితా విప్పాడు. చదువుతున్న కొద్దీ మూతులు తుడుచుకునే చేతులు ఆగిపోయాయి. హ్యారియెట్ ఐదింటికే లేస్తానంది, లేవలేదు. పాల వ్యాపారి నాట్యం నేర్చుకుంటానన్నాడు, నేర్చుకోలేదు. పాస్టరు ఓపిక పడతానన్నాడు. అది చదువుతుండగానే "ఇంకెంతసేపయ్యా!" అని అరిచాడు. చివరికి నా వంతు వచ్చింది.

"అమోస్ ట్రాస్క్. మా అన్న ఎల్‌వుడ్‌తో మాట్లాడతాను."

తొమ్మిదేళ్ల క్రితం మా నాన్న పోయినప్పుడు ఖననం అక్టోబరులో ఒక శనివారం పడింది. ఆకులు చూసే జనం విరగబడి వచ్చే శనివారం. దుకాణం ఎప్పుడు మూయాలో నేను లెక్క వేసుకున్నాను. ఆ లెక్క ఒక గంట తప్పింది. ఆ రోజు నుంచి ఎల్‌వుడ్ నాతో మాట్లాడలేదు. మాట్లాడాలని ఏటా అనుకుంటాను. పోయినేడు మాత్రం నోరు జారి సభలోనే అనేశాను.

గుమాస్తా తర్వాతి వరుస చదివాడు. "ఎల్‌వుడ్ ట్రాస్క్. అమోస్‌తో మాట్లాడకుండా ఉంటాను."

"తీరిందా?" అడిగింది హ్యారియెట్.

"తీరింది," అన్నాడు వెనక వరుసలోంచి మా అన్న.

ఊరు మొత్తంలో నిలబెట్టుకున్న సంకల్పం అదొక్కటే. జనం చప్పట్లు కొట్టారు. పాస్టరు వెళ్లి చేయి కలిపి వచ్చాడు. కొత్తది రాసేదాకా పాతది అమల్లోనే ఉంటుందని హ్యారియెట్ ప్రకటించింది. నేను మాట్లాడితే తప్ప ఋతువు రాదు. ఋతువు వస్తే తప్ప మా అన్న నోరు విప్పడు. ఆ తాళం బిగించింది ఓరిన్ అయితే, బలపరిచి తాళంచెవి బావిలో పడేసింది నేను.

పది రోజులు గడిచాయి. చెక్క వంతెన అవతల పక్క ఊరి చెట్లు కుంకుమ చల్లినట్టున్నాయి. ఇవతల మాత్రం జూలై నెలే. కార్లలో వచ్చినవాళ్లు వంతెన మీదే ఆగి, మాకు వీపు చూపించి ఫొటోలు తీసుకుని వెనక్కి తిరిగిపోతున్నారు. ఎల్‌వుడ్ తోటలో ఆపిల్స్ చలి తగలక పచ్చగానే వేలాడుతున్నాయి. వేసవి కూరగాయలు జుకినీలు మాత్రం ఎవరూ తినలేనన్ని ఆగకుండా కాస్తున్నాయి. మా ఊళ్లో ఎవరూ కారుకు తాళం వేయరు. అలాంటిది ఆ పది రోజులూ అందరూ వేశారు. వేయకపోతే తిరిగొచ్చేసరికి వెనక సీటు నిండా ఎవరో జుకినీలు పడేసి పోతున్నారు.

నాకో సంగతి తట్టింది. తనకు పనికిరాని సరుకు అవతలివాడికి పనికొస్తుంది. వ్యాపారమంటే అంతే కదా! దుకాణం ముందు నల్లబల్ల పెట్టి, సంకల్పాలు ఇచ్చిపుచ్చుకోబడును అని రాశాను. హ్యారియెట్ మూడు రోజులు నిబంధనల పుస్తకం తిరగేసింది.

"చేయవచ్చని ఎక్కడా లేదు అమోస్. అలాగని చేయకూడదని కూడా లేదు."

"లేదన్న చోటే వ్యాపారం పుడుతుంది హ్యారియెట్."

ఆమె ఐదింటికి లేవడాన్ని పాల వ్యాపారికి ఇచ్చాను. అతను ఎలాగూ నాలుగింటికే లేస్తాడు. అతని నాట్యం ఆమెకు వెళ్లింది. పెళ్లికాకముందు ఆమె నాట్యం నేర్పేదట, ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. పాస్టరు ఓపికను చేపలు పట్టే ముసలాయన మారు మాట లేకుండా తీసుకున్నాడు. వారం తిరిగేసరికి జాబితా ఖాళీ. డెల్ఫీన్‌ది, నాది మాత్రం మిగిలాయి.

నాది తాను తీసుకుంటానని ఓరిన్ ముందుకొచ్చాడు. "ఎల్‌వుడ్‌తో నేను రోజూ మాట్లాడుతూనే ఉన్నానుగా!"

"'మా అన్న' అని రాసి ఉంది. మీకాయన అన్నెలా అవుతాడు ఓరిన్? కుదరదు," అంది హ్యారియెట్.

ఇక దారిలేక, దుకాణానికి ఎదురుగా కొండ వాలులో ఉన్న ఎల్‌వుడ్ తోటకు బయలుదేరాను. సాక్ష్యానికి హ్యారియెట్, గుమాస్తా వచ్చారు. వినోదానికి ఊరు ఊరంతా వచ్చింది. అన్న నిచ్చెన మీద ఉన్నాడు. కంచె దగ్గర నిలబడి ఎండ గురించి చెప్పాను. ఆపిల్స్ గురించి చెప్పాను. ఎండ గురించి మళ్లీ చెప్పాను. ఆయన ఆకులు తుంచుకుంటూ ఉండిపోయాడు.

"ఇది మాట్లాడటం కాదు అమోస్, ఉపన్యాసం. జవాబు వస్తేనే లెక్కలోకి వస్తుంది," అంది హ్యారియెట్.

ఎల్‌వుడ్ ఆమె వైపు తిరిగాడు. "అతనికి చెప్పండి. ఊళ్లో మాట నిలబెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నా మాట నేను తప్పను."

"మాట తప్పమనడం లేదు. మార్చుకోమంటున్నాను. నీ దగ్గరున్నది మంచి సరుకు. పుచ్చుకోవడానికి మనిషి దొరికితే ఇస్తావా?" అన్నాను.

"అతనితో మాట్లాడకుండా ఉండటానికి ఎవరు ముందుకొస్తారో అడగండి," అన్నాడు ఆయన హ్యారియెట్‌తో.

హ్యారియెట్ అడిగింది. పదకొండు చేతులు లేచాయి. పాస్టరుదీ ఉంది. అన్నిటికంటే ముందు లేచిన చెయ్యి మా ఆవిడది.

"డెల్ఫీన్!"

"ఇరవై ఆరేళ్లు మాట్లాడాను అమోస్. ఒక్క ఏడాది సెలవిప్పించు."

"బదులుగా నీదేముంది డెల్ఫీన్?" అడిగాడు ఎల్‌వుడ్.

"అమోస్‌కు నిజం చెబుతానని రాయించాను. చెప్పబోయినప్పుడల్లా దుకాణంలోకి ఎవరో ఒకరు వస్తారు."

ఎల్‌వుడ్ ఒక మెట్టు దిగి ఆగాడు. ఆ ఒక్క సంకల్పాన్ని పట్టుకుని ఆయన తొమ్మిదేళ్లు బతికాడు. వదులుకోవాలంటే మాటలు కాదు. దాని విలువ ఆ గుంపులో నాకొక్కడికే తెలుసు. బేరం చెడితే ఈ మనిషి నాకు మళ్లీ దొరకడని కూడా తెలుసు. అందుకని తొందరపెట్టలేదు.

"రాసుకో," అన్నాడు గుమాస్తాతో. నిచ్చెన దిగి కంచె దాకా వచ్చాడు. దగ్గరనుంచి చూస్తే అన్న బాగా ముసలివాడయ్యాడు.

"అమోస్."

"చెప్పు ఎల్‌వుడ్."

"నాన్న పెట్టెను మూడింటికి దించాం. నువ్వు నాలుగింటికి వచ్చావు. నీ చొక్కా చేతుల మీద పంచదార ఉంది. కనీసం దులుపుకుని కూడా రాలేదు నువ్వు."

నా దగ్గర సమాధానం ఉంది. ఆ రోజు ఎన్ని కార్లు వచ్చాయో, నాన్న మందులకు నేనెంత పెట్టానో, అంకెలతో సహా తొమ్మిదేళ్లుగా సిద్ధంగా ఉంది. నోరు తెరిచాను. ఆయన మొహం చూసి మూసుకున్నాను.

"దులుపుకోలేదు. తప్పు చేశాను," అన్నాను.

"మాట్లాడటం తీరింది. నిజం చెప్పడం తీరింది," అంది హ్యారియెట్. సుత్తి తేలేదని గుర్తొచ్చి కంచె కర్రను అరచేత్తో కొట్టింది. "కొత్త సంకల్పాలు ఇక్కడే చెప్పేయండి. ఎవరూ కవిత్వం చెప్పొద్దు."

జనం వరస కట్టి గొణుగుతుంటే గుమాస్తా రాసుకుంటున్నాడు. డెల్ఫీన్ ఎల్‌వుడ్ దగ్గర పుచ్చుకున్నదాన్నే ఏడాదికి రాయించింది. మా దగ్గరికి వచ్చి "మీవి?" అన్నాడు.

"కాస్త ఆగవయ్యా. ఇక్కడ నేను మాట్లాడుతున్నాను," అన్నాడు ఎల్‌వుడ్. "డెల్ఫీన్ దగ్గర తీసుకున్నదే మళ్లీ రాసుకో, పో."

నాకేదీ తోచక, "ఆయన చెప్పేది వింటానని రాయి," అన్నాను.

ఓటు పెట్టారు. అందరూ "అవును" అన్నారు. ఓరిన్ కూడా. ఈసారి ఋతువు తెల్లారేదాకా ఆగలేదు. అంతసేపు గుమ్మంలో నిలబెడితే ఎవరాగుతారు? వంతెన వైపు నుంచి ఎరుపు రంగు ఒక్కో చెట్టూ దాటుకుంటూ, పరుగులాంటి నడకతో వచ్చింది. చల్లగాలి కొట్టింది. ఆ వెనకే హారన్లు మోగాయి. వంతెన మీద ఆగిన కార్లన్నీ ఒక్కసారిగా ఊళ్లోకి దిగాయి.

డెల్ఫీన్ దుకాణానికి పరుగెత్తింది. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి నన్ను పిలవబోయి, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. లోపలికి వెళ్లి డోనట్ల మూకుడు, గరిటె పట్టుకొచ్చి కొండ అదిరేలా వాయించడం మొదలుపెట్టింది.

ఎల్‌వుడ్ మధ్యలో ఆగాడు. "వెళ్తావా?"

"ఇంకా ఎంతుంది?"

"చాలా ఉంది అమోస్. ఇప్పటికి నీ పెళ్లి దాకా కూడా రాలేదు."

మూకుడు మోగుతూనే ఉంది. నేను కంచె దాటి అవతలికి వెళ్లాను. ఖాళీ ఆపిల్ పెట్టె ఒకటి బోర్లించుకుని దాని మీద కూర్చున్నాను.